పెరట్లో పాయిజన్ ఐవీ: పీకేముందు తెలుసుకోవలసినవి

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాము. ఈ మధ్యనే కొన్న ఇంటి పెరడు వెనుక చిన్న అడవిని ఆనుకొని ఉంది. నూజివీడు దగ్గర మామిడి తోట చేసిన మా మామగారు వేసవికి ఇక్కడికి వచ్చారు. గోంగూర, బెండ వేద్దామని కంచె వెంట పెరిగిన తీగలను ఒట్టి చేతులతో పీకారు. మూడో రోజుకు ముంజేతుల మీదా మెడ మీదా గీతలు గీసినట్టు ఎర్రటి దద్దుర్లు, నీటి పొక్కులు వచ్చాయి. పక్కింటివారు చూసి అది పాయిజన్ ఐవీ అన్నారు. పీకిన తీగల కుప్ప కంచె పక్కనే ఉంది. దాన్ని తగలబెడదామని మామగారు, ఉప్పు చల్లితే తీగలు చచ్చిపోతాయని స్నేహితులు అంటున్నారు. పెరట్లోని ఓక్ చెట్టుకు మణికట్టంత లావు తీగ ఒకటి నూగుతో ఎగబాకి ఉంది. ఇంట్లో ఐదేళ్ళ పాప, ఒక కుక్క ఉన్నాయి. ఆ పొక్కులు పాపకు అంటుకుంటాయా? ఈ మొక్కను పూర్తిగా వదిలించుకోవడం ఎలా?

సమాధానం: అన్నిటికంటే ముందు, ఆ కుప్పకు నిప్పు పెట్టవద్దని మీ మామగారికి ఈ రోజే గట్టిగా చెప్పండి. పాయిజన్ ఐవీ ఆకులోనూ కాడలోనూ వేరులోనూ ఉండే యురుషియాల్ అనే నూనె మంటలో పూర్తిగా కాలిపోకుండా పొగలోని మసి రేణువులను పట్టుకొని గాలిలోకి లేస్తుంది. ఆ పొగ పీల్చినవారికి చేతుల మీద వచ్చిన పొక్కులే గొంతులోనూ ఊపిరితిత్తులలోనూ రావచ్చు. అమెరికాలో అడవి మంటలు ఆర్పే సిబ్బందికి ఇది వృత్తిపరమైన ప్రమాదాలలో ఒకటి. పైగా పెరటి చెత్తను ఆరుబయట కాల్చడాన్ని న్యూజెర్సీలో చట్టం అనుమతించదు. కుప్పను ఏం చేయాలో కిందన చెబుతాను. అంతవరకు పాపనూ కుక్కనూ అటు వెళ్ళనివ్వకండి.

పొక్కులు పాపకు అంటుకుంటాయన్న భయం అక్కర లేదు. పొక్కు చిదిమినప్పుడు కారే నీరు మన శరీరంలో ఊరినదే తప్ప అందులో మొక్క నూనె ఉండదు, కనుక అది తగిలినంత మాత్రాన మరొకరికి రాదు, ఆయన ఒంటి మీదనే వేరే చోటికీ పాకదు. రోజుకో కొత్త చోట దద్దుర్లు కనిపించడం వల్ల అది పాకుతున్నట్టు అనిపిస్తుంది గానీ, నూనె ఎక్కువగా తగిలిన చోట, చర్మం పలుచగా ఉన్న చోట ముందుగానూ, మిగిలిన చోట్ల ఒకటి రెండు రోజులు ఆలస్యంగానూ పైకి తేలడమే దానికి కారణం. రెండో కారణం కూడా ఉంటుంది, అదే మీరు అసలు వెతకవలసినది. ఆ రోజు ఆయన కట్టుకున్న లుంగీ, చెమట తుడుచుకున్న తువ్వాలు, చెప్పులు, వాడిన కత్తెర, వీటిలో దేనికైనా నూనె అంటి ఉంటే, దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ కొత్తగా తగులుతుంది. మెడ మీద దద్దుర్లు వచ్చాయన్నారు గనుక భుజం మీది తువ్వాలునే నేను మొదట అనుమానిస్తాను. నూనె ఎండిపోయినా దాని గుణం పోదు, నెలలు గడిచినా, ఒక్కోసారి ఏళ్ళు గడిచినా పనిముట్టు మీద అలాగే నిలిచి ఉంటుంది. ఆ బట్టలను మిగతా వాటితో కలపకుండా వేడినీటిలో డిటర్జెంట్‌తో ఉతకండి. చెప్పులనూ కత్తెర పిడులనూ పారేసే తొడుగులు వేసుకొని రబ్బింగ్ ఆల్కహాల్‌తో గానీ సబ్బునీటితో గానీ తుడవండి. కుక్క ఆ తీగల్లో తిరిగి ఉంటే దానికీ తొడుగులతోనే షాంపూ స్నానం చేయించండి, ఎందుకంటే బొచ్చు అడ్డం ఉన్నందువల్ల కుక్కకు సాధారణంగా ఏమీ కాదు గానీ దాన్ని నిమిరిన పాప చేతికి నూనె అంటుతుంది.

మామగారి చేతులకు ఇప్పుడు చేయదగినది ఉపశమనమే. చల్లటి తడిగుడ్డ వేయడం, క్యాలమైన్ పూయడం, దద్దుర్లు తేలికగా ఉన్నచోట మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికే ఒక శాతం హైడ్రోకార్టిసోన్ క్రీమ్ రాయడం దురదను కొంత తగ్గిస్తాయి. మామూలుగా రెండు మూడు వారాలలో అదే మానుతుంది. అయితే ముఖం మీదకు, కళ్ళ చుట్టూ, మర్మస్థానాలకు వచ్చినా, ఒంటి మీద చాలా భాగం కమ్మినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాలి. ఊపిరి తీసుకోవడం కష్టమైతే ఆలోచించకుండా 911కు ఫోన్ చేయాలి. తీవ్రమైన సందర్భాలలో డాక్టర్లు ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలను రెండు మూడు వారాల పాటు క్రమంగా తగ్గిస్తూ ఇస్తారు. ఐదారు రోజులకే ఆపేస్తే దద్దుర్లు మళ్ళీ తిరగబెట్టడం మామూలే. మామగారికి షుగరు ఉంటే ఆ మాట డాక్టరుతో తప్పకుండా ముందే చెప్పండి, ఈ మాత్రలు రక్తంలో చక్కెరను బాగా పెంచుతాయి. మన ఇళ్ళలో ఏ దురద వచ్చినా కొబ్బరినూనె పూసే అలవాటు ఉంది గానీ, ఈ తీగ తగిలిన వెంటనే అలా చేస్తే యురుషియాల్ ఆ నూనెలో కలిసి ఒళ్ళంతా పరుచుకుంటుంది. తగిలిన వెంటనే పనికొచ్చేది సబ్బు, నీరు, గుడ్డతో రుద్దుడు మాత్రమే. పది నిమిషాల లోపు కడుక్కోగలిగితే చాలావరకు తప్పించుకోవచ్చు, ఆ తరువాత ప్రతి నిమిషానికీ నూనె చర్మంలోకి ఇంకుతూ పోతుంది. గిన్నెలు తోమే డిష్ సోప్ ఈ పనికి బాగా పనికొస్తుంది. గోళ్ళ కింద మరచిపోకూడదు.

ఆయనకు మూడో రోజే పొక్కులు వచ్చాయని మీరు రాసిన మాట నన్ను ఆగి ఆలోచింపజేసింది. ఈ నూనెను జీవితంలో మొదటిసారి ఎదుర్కొన్న శరీరం దాన్ని శత్రువుగా గుర్తించడానికి సాధారణంగా వారం పైనే, ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. ఇంతకుముందే పరిచయం ఉన్న శరీరం ఒకటి నుంచి మూడు రోజులలోనే తిరగబడుతుంది. అమెరికా మొక్కతో నూజివీడు రైతుకు పరిచయం ఎక్కడిదని మీరు అడగవచ్చు. పాయిజన్ ఐవీ, మామిడి, జీడిమామిడి, చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి, ఇవన్నీ ఒకే కుటుంబపు మొక్కలు. మామిడి సొనలోనూ తొక్కలోనూ, జీడిగింజ పెంకులోనూ, నల్లజీడి రసంలోనూ ఉండే పదార్థాలు యురుషియాల్‌కు దగ్గరి చుట్టాలు. కాయ తెంపినప్పుడు చిమ్మిన సొన పడి చర్మం కాలినట్టు నల్లబడడం మామిడి తోటల్లో అందరూ ఎరిగినదే, పలాసలో జీడిగింజలు కొట్టే ఆడవారి వేళ్ళ సంగతీ తెలిసినదే. తోటలో ఏళ్ళ తరబడి సొనతో మెలిగిన ఆయన శరీరం ఈ జాతి నూనెను ముందే గుర్తుపట్టి ఉండే అవకాశం ఉంది. అందుకని పెరటి పనిలో మిగతా అందరి కంటే ఆయన ఎక్కువ దూరంగా ఉండాలి. ఈ మొక్క వల్ల ఒకసారి దద్దుర్లు వచ్చినవారికి మామిడిపండు తొక్క పెదవులకు తగిలినా మూతి చుట్టూ దురద రావచ్చు గనుక, ఈ వేసవిలో ఆయనకు పండు జుర్రుకొనే సరదా ఉంటే, తొక్క తీసి ముక్కలు కోసి ఇవ్వండి. గుజ్జుతో సాధారణంగా ఇబ్బంది ఉండదు.

ఇక మొక్క విషయానికి వద్దాం. మీరు చూస్తున్నది అదేనా కాదా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఈ ఆకు మారేడు దళంలా మూడు రెబ్బలుగా ఉంటుంది. నడిమి రెబ్బకు పొడవైన కాడ ఉంటుంది, పక్క రెబ్బలు రెండూ దాదాపు కాడ లేకుండానే అతుక్కొని ఉంటాయి. ఆ పక్క రెబ్బలు రెండు వైపులా సమానంగా ఉండక, బయటి వైపు కాస్త వెడల్పుగా, ఒకటి రెండు పళ్ళు కోసినట్టు ఉంటాయి. ఆకులు కొమ్మ మీద ఒకదాని తరువాత ఒకటిగా అటూ ఇటూ వస్తాయి, ఎదురెదురుగా రావు. లేత చిగురు ఎరుపుగానూ నిగనిగలాడుతూనూ, వేసవి ఆకు పచ్చగానూ, శరత్తులో మళ్ళీ ఎర్రగానూ పసుపుగానూ ఉంటుంది గనుక రంగును బట్టి పోల్చడం నమ్మదగినది కాదు. కాయలు చిన్నవి, తెల్లటి మైనం రంగులో గుత్తులుగా వేలాడతాయి. ఐదు రెబ్బలు ఉంటే అది వర్జీనియా క్రీపర్ అయివుంటుంది, మూడు రెబ్బలున్నా ఆకులు కొమ్మకు ఎదురెదురుగా ఉంటే అది బాక్స్ ఎల్డర్ చెట్టు మొలక, కాడకు ముళ్ళు ఉంటే అడవి బ్లాక్‌బెర్రీ జాతి. మీ ఓక్ చెట్టు మీది తీగకు ఉందని మీరు రాసిన ‘నూగు’, నిజానికి అది బెరడును పట్టుకొనే సన్నని వేళ్ళు. ముదిరిన పాయిజన్ ఐవీకి అంతకంటే మంచి ఆనవాలు లేదు. చలికాలంలో ఆకులన్నీ రాలి ఆ బొచ్చు తాడు ఒక్కటే మిగిలినా నూనె అందులోనే ఉంటుంది.

కంచె వెంట ఉన్న చిన్న మొక్కలను చేత్తో తీయడమే నాకు ఇష్టమైన పద్ధతి. ఎందుకంటే కూరగాయల మడి వేయదలచిన చోట కలుపు మందుతో పని పెట్టుకోకుండా ఉండడం మేలు. వాన కురిసి నేల మెత్తబడిన మర్నాడు పొద్దున్నే దిగాలి. నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, మేజోళ్ళ లోపలికి దూర్చిన అంచులు, బూట్లు, మణికట్టు దాటే దళసరి వినైల్ లేదా నైట్రైల్ తొడుగులు వేసుకోవాలి. ఆసుపత్రులలో వాడే పల్చని లేటెక్స్ తొడుగులు పనికిరావు, యురుషియాల్ వాటిలోంచి లోపలికి ఇంకిపోతుంది. గునపంతో గానీ పారతో గానీ మొదలు చుట్టూ వదులు చేసి, నేల కింద అడ్డంగా పాకిన వేరును తెగకుండా నెమ్మదిగా లాక్కుంటూ పోవాలి. పీచు తెగిన చోట మళ్ళీ మొలక వస్తుంది, అయినా మొక్క అంతా ఒక్కసారే పోవాలన్న పట్టుదలతో లాగి లాగి తెంపుకోవడం కంటే వచ్చినంత తీసి ఆగిపోవడం తెలివైన పని. పని మధ్యలో చెమట తుడుచుకోవడం, ఫోను తీయడం, కళ్ళద్దాలు సర్దుకోవడం వల్లే చాలామందికి నూనె అంటుతుంది. ఫోను ఇంట్లోనే వదిలి రండి. గడ్డి కోసే యంత్రాన్నీ, తాడు తిరిగే ట్రిమ్మర్‌నీ ఈ తీగల దగ్గరకు ఎంత మాత్రం తీసుకుపోవద్దు. అవి నూనె పూసిన తుంపులను మీ కాళ్ళ మీదకూ ముఖం మీదకూ చిమ్ముతాయి.

పీకినవన్నీ, కంచె పక్క ఉన్న పాత కుప్పతో సహా, దళసరి ప్లాస్టిక్ చెత్త సంచులలో వేసి మూతి గట్టిగా కట్టాలి. వీటిని ఎరువు కుప్పలో గానీ, పెరటి చెత్త కోసం మునిసిపాలిటీ ఇచ్చే కాగితపు సంచులలో గానీ వేయకూడదు, వాటిని తరువాత ఎవరో ఒట్టి చేతులతో ముట్టుకుంటారు. మామూలు చెత్తతో పంపవచ్చునా అన్న సంగతి మీ టౌన్‌షిప్ కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కోండి, ఒక్కో ఊరిది ఒక్కో నియమం. ఎండిన తీగ చచ్చింది కదా అని నమ్మకండి. ఎండు కాడలోనూ నూనె ఉంటుంది.

ఓక్ చెట్టు మీది తీగను కిందికి లాగాలని చూడవద్దు. అంత లావు తీగ తలమీదకు ఊడిపడితే దాని ఆకుల నూనె అంతా మీ మీద పడుతుంది. చేతి రంపంతో, మోటారు రంపంతో కాదు, తీగను నేలకు కాస్త పైన ఒకచోట, మోకాలి ఎత్తున మరొకచోట కోసి, నడిమి ముక్కను చెట్టు బెరడు గీసుకోకుండా ఊడదీసి సంచిలో వేయండి. పై భాగం నీరందక కొన్ని వారాలలో వాడి, ఏడాది రెండేళ్ళకు దానంతట అదే శిథిలమై రాలుతుంది. చూడడానికి బాగుండదన్న మాట నిజమే, కానీ చెట్టుకు దానివల్ల హాని లేదు. కింది మొదలును అలాగే వదిలేస్తే మాత్రం చుట్టూ పదిచోట్ల చిగురిస్తుంది. కోసిన ఐదు నిమిషాలలోపే, కోత తడి ఆరకముందే, ట్రైక్లోపిర్ గానీ గ్లైఫోసేట్ గానీ ఉన్న కలుపు మందును సీసా మీది లేబుల్‌లో మొద్దుల కోసం చెప్పిన గాఢతలో చిన్న బ్రష్షుతో ఆ కోత మీద మాత్రమే పూయాలి. ఇలా పూసినప్పుడు మందు చెంచాల లెక్కన పడుతుంది, గాలికి కొట్టుకుపోదు, పక్క మొక్కకు తగలదు. మందు తప్పనిసరి అయితే నేను సలహా ఇచ్చే పద్ధతి ఇదే. ఓక్ బెరడు మీద గానీ పైకి తేలిన దాని వేళ్ళ మీద గానీ చుక్క కూడా పడనీయకండి.

అడవి అంచున నేలంతా పరుచుకున్న చోట, తవ్వడం సాధ్యం కానప్పుడు, ఆకుల మీద మందు కొట్టడం ఒక మార్గం. ట్రైక్లోపిర్ వెడల్పాకు మొక్కలను చంపి గడ్డిని వదిలేస్తుంది, ఆకులు పూర్తిగా విచ్చుకున్న ఈ జూన్ నెల దానికి అనువైన కాలం. గ్లైఫోసేట్ తగిలిన పచ్చదనాన్నంతా చంపుతుంది, వేసవి చివర మొక్క తన ఆహారాన్ని వేళ్ళకు దించుకొనేటప్పుడు, ఆకు ఎర్రబడకముందే కొడితే అది వేరు దాకా వెళుతుంది. గ్లైఫోసేట్ పేరు మామగారికి మన పొలాల నుంచే తెలిసి ఉంటుంది, అయినా ఇక్కడ ఒక మెలిక ఉంది. రౌండప్ అన్న పేరుతో ఇళ్ళ కోసం అమ్మే సీసాలన్నింటిలో ఇప్పుడు ఒకే మందు ఉండడం లేదు గనుక, పేరు చూసి కాక లేబుల్ మీద రాసిన మందు పేరు చదివి కొనాలి. లేబుల్‌లో చెప్పినదానికి భిన్నంగా వాడడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం కూడా. గాలి లేని పొద్దున, మరో ఇరవై నాలుగు గంటలు వాన పడదన్న రోజు చూసుకొని కొట్టి, ఆకు మీద మందు ఆరేవరకు పాపనూ కుక్కనూ లోపలే ఉంచండి. మందు కొట్టిన చోట కోసిన గడ్డిని ఎరువుగా మళ్ళకు వేయవద్దు.

ఉప్పు మాట వదిలేయండి. వేరును చంపేంత ఉప్పు వేస్తే ఆ నేలలో గోంగూరే కాదు, గడ్డి కూడా చాలాకాలం మొలవదు, వానకు కరిగి ఓక్ చెట్టు వేళ్ళకూ చేరుతుంది. వెనిగర్ పైఆకును మాడుస్తుంది, వేరును ముట్టదు. కిరసనాయిలు పోయమనేవారు కూడా ఉంటారు, అది నేలను విషం చేయడమే. మేకలు ఈ ఆకును హాయిగా తింటాయి, వాటికి ఏమీ కాదు. ఇక్కడ కొన్ని చోట్ల ఇందుకోసం మేకలను అద్దెకు కూడా ఇస్తారు. మామగారికి ఈ సంగతి చెప్పండి, నచ్చుతుంది. కానీ ఒక ఇంటి పెరటికి మేకల మందను రప్పించడం ఆచరణలో సాగే పని కాదు, అవి వేరు తినవు గనుక మళ్ళీ మళ్ళీ రప్పించాలి.

ఒక్క వేసవిలో ఇది పోదు. నేలలో మిగిలిన వేరు ముక్కల నుంచి మొలకలు వస్తూనే ఉంటాయి, కాయలు తిన్న పక్షులు అడవి నుంచి విత్తనాలు తెచ్చి కంచె మీద కూర్చొని వదులుతూనే ఉంటాయి. కంచెల వెంట ఈ మొక్క ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. ఏటా మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి కంచె వెంట నడిచి, రెండు మూడు ఆకుల మొలకగా ఉన్నప్పుడే తీసేస్తే, రెండు మూడేళ్ళలో పెరడు మీ చేతికి వస్తుంది. అశ్రద్ధ చేస్తే మాత్రం ఇది ఊరుకొనే మొక్క కాదు. నార్త్ కరోలినాలోని డ్యూక్ అడవిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా వదులుతూ ఆరేళ్ళ పాటు సాగించిన ప్రయోగంలో, పాయిజన్ ఐవీ పెరుగుదల చాలా ఇతర చెట్లలో కంటే ఎక్కువగా పుంజుకోవడమే కాక దాని నూనె కూడా మరింత ఘాటుగా తయారైందని 2006లో ప్రకటించారు. అలాగని కంచె అవతలి అడవిలోకి వెళ్ళి దాన్ని నిర్మూలించే పని పెట్టుకోకండి. అది ఈ నేల సొంత మొక్క, దాని కాయల మీద చలికాలంలో ఎన్నో పక్షులు బతుకుతాయి. పాప ఆడుకొనే చోటు, మీరు నడిచే దారి, కంచెకు ఇవతల నాలుగడుగుల మేర శుభ్రంగా ఉంటే చాలు.

కూరగాయల మడి సంగతి. కంచె పక్కన ఈ ఏడు మడి వేయవద్దు. తీగ పోయినట్టు కనిపించినా వేరు పీచు మట్టిలో ఉంటుంది, మట్టి గుల్ల చేసే ప్రతిసారీ అది వేళ్ళకు తగులుతుంది. ఎండ బాగా పడే మరో చోట పలకలతో ఎత్తు మడి కట్టి, కొన్న మట్టి నింపి గోంగూర, బెండ వేస్తే జూన్‌లో వేసినా మంచు పడేలోపు కోతకు వస్తాయి. మామగారికి చేతి నిండా పని దొరుకుతుంది, ఆ చేతులు తీగ వైపు పోకుండా ఉంటాయి.

పక్కింటివారి వైపు నుంచి తీగ కంచె దాటి వస్తుంటే, ముందు వారితో మాట్లాడి ఇద్దరూ ఒకే రోజున రెండు వైపులా తీసుకోవడం మంచిది, వారి నేలలోని మొదలుకు వారి అనుమతి లేకుండా మందు పూయకూడదు. మీలో ఎవరికైనా ఈ తీగంటే ఒళ్ళు బాగా తిరగబడుతుందని తేలితే, డబ్బు ఖర్చయినా మనిషిని పెట్టుకోండి. కలుపు మందు కొట్టేవారికి న్యూజెర్సీ పర్యావరణ శాఖ ఇచ్చే లైసెన్సు ఉండాలి, పని ఒప్పుకొనేముందే దాన్ని చూపించమని అడగండి, పీకిన తీగలను వారే తీసుకుపోతారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. ఆకు అదేనా కాదా అన్న అనుమానం మిగిలితే, రెబ్బల అమరికా కాడా స్పష్టంగా కనిపించేలా, ముట్టుకోకుండా ఫొటో తీసి, మీ కౌంటీలోని రట్గర్స్ కోఆపరేటివ్ ఎక్స్‌టెన్షన్ (రట్గర్స్ విశ్వవిద్యాలయపు వ్యవసాయ సలహా విభాగం) కార్యాలయానికి పంపండి.